‘ద హౌస్ విత్ ఎ క్లాక్ ఇన్ ఇట్స్ వాల్స్’: పిల్లల దయ్యాల నవలను పెద్దవాళ్లు చదివితే

గవర్నరుపేట పాఠకురాలు (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. జాన్ బెల్లెయిర్స్ అనే అమెరికన్ రచయిత పిల్లల కోసం రాయగా 1973లో వెలువడిన ఈ నవలను నేను నలభై దాటాక మొదటిసారి చదివాను. చదవడం పూర్తి కాగానే మళ్లీ మొదటి పేజీ తిప్పాను. దయ్యాలూ మంత్రగాళ్లూ ఉన్న ఒక పిల్లల పుస్తకం పెద్దవాళ్లను ఇంతగా ఎందుకు పట్టుకుంటుందో మీ అందరితో మాట్లాడాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. కథ చివరిదాకా చెప్పక తప్పదు కాబట్టి, ముందు పుస్తకం చదవాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవాలని మనవి.

కథ 1948 వేసవిలో మొదలవుతుంది. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో చనిపోగా, లూయిస్ బార్నవెల్ట్ అనే పదేళ్ల పిల్లవాడు ఒక్కడే బస్సెక్కి, మిచిగన్ రాష్ట్రంలోని న్యూ జెబెడీ అనే ఊళ్లో ఉన్న జొనాథన్ బాబాయి దగ్గరికి బయలుదేరతాడు. పిల్లవాడు బొద్దుగా ఉంటాడు. జుట్టుకు నూనె పట్టించి నున్నగా దువ్వుకుంటాడు. వాడు వేసుకున్న ఊదారంగు కార్డురాయి పంట్లాం నడిచినప్పుడల్లా రాసుకుని చప్పుడు చేస్తుంది. మొదటి పేజీలోనే రచయిత మనకు ఆ చప్పుడు వినిపిస్తాడు. ఇది వీధిలో తోటి పిల్లలు ఎగతాళి చేసే పిల్లవాడి కథ అని ఆ ఒక్క వివరంతోనే మనకు తెలిసిపోతుంది.

జొనాథన్ చిన్నపాటి మాంత్రికుడు. పక్కింటి జిమ్మర్‌మన్ గారు అతనికంటే చాలా ఎక్కువ విద్య తెలిసిన మంత్రగత్తె. జొనాథన్ ఉండే ఇల్లు అంతకు ముందు ఐజాక్ ఇజార్డ్ అనే దుష్ట మాంత్రికుడిది. లోకాన్ని అంతం చేయడానికి అతను తయారు చేసిన గడియారం ఆ ఇంటి గోడల్లో ఎక్కడో టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. అది వినబడకుండా ఉండాలని జొనాథన్ ఇల్లంతా గడియారాలతో నింపేస్తాడు. రాత్రివేళ టార్చి పట్టుకుని గోడలకు చెవి ఆనించి వింటూ తిరుగుతుంటాడు.

చిన్నప్పుడు చదివి ఉంటే ఆ గడియారం ఎక్కడుందన్నదే నాకు అసలు ప్రశ్న అయ్యేదేమో. ఈ వయసులో చదివితే మరొకటి కనబడింది. బడిలో అందరికీ ఇష్టుడైన టార్బీ అనే పిల్లవాడు, చెయ్యి విరిగి ఆటలకు దూరమైన రోజుల్లో, లూయిస్‌తో స్నేహం చేస్తాడు. చెయ్యి బాగుపడుతున్న కొద్దీ దూరం జరుగుతాడు. ఆ స్నేహం పోకుండా నిలుపుకోవాలని లూయిస్ చనిపోయినవాళ్లను లేపి చూపిస్తానని మాట ఇచ్చి, హాలోవీన్ అర్ధరాత్రి శ్మశానంలో ఒక సమాధి ముందు మంత్రం చదువుతాడు. లేచినది ఇజార్డ్ భార్య సెలెన్నా. ఆ తరువాత ఆ ఇంటి చుట్టూ జరిగే ప్రతి భయానకమైన సంఘటనకూ మూలం ఏమిటో లూయిస్‌కు తెలుసు, మనకూ తెలుసు. తెలియనిది వాడిని ప్రాణంగా చూసుకునే ఆ ఇద్దరు పెద్దలకు మాత్రమే. వాడు ఎప్పుడు నోరు విప్పుతాడా అని నేను ఎదురుచూసినంతగా ఆ గడియారం కోసం ఎదురుచూడలేదు.

పటమట పాఠకుడు (విజయవాడ)

చక్కగా పరిచయం చేశారండీ. అయితే రహస్య కథగా చూస్తే ఈ నవల బలహీనమైనదని నా అభిప్రాయం. అపరాధ పరిశోధన నవలల మీద పెరిగినవాడిని కాబట్టి నాకు ఆనవాళ్లు కావాలి, వాటిని ఒకదానికొకటి కలుపుకుంటూ పోయి ముడి విప్పే ఆలోచన కావాలి. ఇక్కడ గడియారం దొరికే తీరు చూడండి. తర్కంతో ఆ చోటు తెలుసుకోలేమని గ్రహించి, లూయిస్ ఒక అర్థంపర్థం లేని తంతు కల్పిస్తాడు. ప్రశ్న అడిగితే జవాబు తేలి కనబడే ఆటబొమ్మ బంతి వాళ్లకు బొగ్గు నిల్వచేసే చోటు చెబుతుంది. అంటే అంతసేపు నడిచిన రహస్యాన్ని రచయిత అదృష్టానికి వదిలేశాడు. మంత్రాలకు కూడా ఇక్కడ కట్టుబాట్లు లేవు. ఎవరు ఎప్పుడు ఏమి చేయగలరో, ఎందుకు చేయలేకపోతున్నారో స్పష్టంగా ఉండదు. పిల్లల పుస్తకమే కదా అని దీన్ని సరిపెట్టుకోవడం పిల్లలను తక్కువ చేయడమే అవుతుంది.

బ్రాడీపేట మాష్టారు (గుంటూరు)

పటమట పాఠకుడు గారు లేవనెత్తిన ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం నవలలోనే ఉందని నా నమ్మకం.

ఇజార్డ్ క్రమబద్ధమైన మనిషి. ఆకాశంలో మేఘాల తీరును కూడా లెక్కలు కట్టి, లోకాన్ని ఒక యంత్రంలాగా ఆపేయాలని చూసినవాడు. అతని పద్ధతికి అతని పద్ధతితోనే ఎదురువెళ్లిన ప్రతిసారీ జొనాథన్, జిమ్మర్‌మన్ గారు ఓడిపోతారు. చివరకు పనికివచ్చినది వాళ్ల ఇంటి స్వభావమే. ఆ ఇంట్లో రాత్రి పొద్దుపోయేదాకా పాత విదేశీ నాణేలు పందెం కాసి పేకాడుకుంటారు, ఒకరినొకరు ముద్దుపేర్లతో తిట్టుకుంటారు, చాక్లెట్ బిస్కట్లు తింటారు. రంగుటద్దాల కిటికీలో బొమ్మ తనంతట తానే మారిపోతుంటుంది. ఏ లెక్కకూ లొంగని ఆటపాటల ఇల్లు అది. కాబట్టి లెక్కగట్టిన చెడును అర్థంలేని ఆటతో ఓడించడం రచయిత చేతగానితనం కాదని, కావాలనే అలా అల్లాడని నేను అనుకుంటున్నాను. మరి అది పాఠకుడికి తృప్తినిచ్చిందా అంటే, ఆ ఘట్టాన్ని ఇంకొంచెం నింపాదిగా నడపవలసింది అని నేనూ ఒప్పుకుంటాను.

మరొక విషయం. బెల్లెయిర్స్ 1969లోనే ‘ద ఫేస్ ఇన్ ద ఫ్రాస్ట్’ అనే మాంత్రికుల నవలను పెద్దల కోసం రాశాడు. ఈ నవలను కూడా ముందు పెద్దల కోసమే మొదలుపెట్టాడు. ప్రచురణకర్తల సూచన మీద పిల్లల నవలగా తిరగరాశాడు. పెద్దవాళ్లకు ఇందులో ఇంత కనబడడానికి అది ఒక కారణం కావచ్చు. న్యూ జెబెడీ అనే ఊరు ఆయన పుట్టిన మార్షల్ పట్టణానికి మారుపేరే. ఇంటికి కూడా ఆ ఊళ్లోని ఒక పాత భవనమే నమూనా అయింది.

కొరిటెపాడు తల్లి (గుంటూరు)

మీరందరూ నవల గొప్పతనం గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఒక బెంగ ఉంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. శ్మశానానికి వెళ్లి, నేల మీద గీతలు గీసి, మంత్రం చదివి చనిపోయినవాళ్లను లేపే ఘట్టాన్ని ఆ వయసు పిల్లల చేతికి ఎలా ఇవ్వగలం? చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతున్న ప్రాంతం మనది. వాళ్ల దేశంలో హాలోవీన్ అంటే పిల్లలు వేషాలు వేసుకునే పండుగ. మన దగ్గర అర్ధరాత్రి శ్మశానం అంటే అది ఆట కాదు. మా అమ్మాయి రాత్రి ఒంటరిగా స్నానాల గది దాకా వెళ్లడానికే భయపడుతుంది. గోడలోనుంచి చప్పుడు వస్తుందని చదివాక ఇక నిద్రపోతుందా? విమర్శ కోసం అడగడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

తెనాలి ప్రయాణికుడు

కొరిటెపాడు తల్లి గారికి నా మాట. శవం మాట్లాడే కథలు చదివి పెరిగిన పిల్లలు మన ప్రాంతానికి కొత్త కాదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ వెనుక ఉన్న చక్రపాణి గారూ, దాన్ని దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారూ మా తెనాలివారే. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే విక్రమార్కుడి బొమ్మ నెలనెలా ఇంటికి వచ్చేది. శంకర్ గారు గీసిన ఆ బొమ్మను చూసి మేము భయపడ్డాం, తరువాత నెల కోసం ఎదురుచూశాం కూడా. దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికల్లో మాంత్రికులూ వింత మృగాలూ లేని నెల ఉండేదా? భయం రుచి తెలియకుండా ఎవరూ పెరగరు. ఆ రుచిని పుస్తకంలో, అమ్మ పక్కన పడుకుని చూడడమే మంచిది కదా.

కొరిటెపాడు తల్లి (గుంటూరు)

‘చందమామ’ నేనూ చదివాను. కానీ విక్రమార్కుడు పెద్దవాడు, రాజు, చేతిలో కత్తి ఉంది. ఏ పిల్లా తనను విక్రమార్కుడి స్థానంలో పెట్టుకుని చదవదు. ఆ మాంత్రికుల కోటలు కూడా ఎక్కడో ఏడు సముద్రాల అవతల, అడవుల్లో, లోయల్లో ఉండేవి. ఇక్కడ పదేళ్ల పిల్లవాడు, వాడు పడుకునే గది, ఆ గది గోడ. రెండూ ఒక్కటే అంటే నేను ఒప్పుకోలేను.

గవర్నరుపేట పాఠకురాలు (విజయవాడ)

కొరిటెపాడు తల్లి గారు చెప్పిన తేడా నాకు చాలా విలువైనదిగా తోస్తోంది. ఈ నవల భయపెట్టే తీరు వేరే. అద్భుత కథలో కీడు దూరంగా ఉంటుంది, వీరుడు దాన్ని వెతుక్కుంటూ వెళతాడు. ఇక్కడ కీడు ఇంట్లోనే ఉంది, అది బయటికి రావడానికి దారి చూపినది మనకు ఇష్టమైన పిల్లవాడు. తప్పు చేసిన పిల్లవాడికి రాత్రి పడుకున్నాక ఎలా ఉంటుందో బెల్లెయిర్స్ రాసినంత నిజాయతీగా రాసినవాళ్లను నేను చాలా తక్కువమందినే చూశాను. వీధికి అవతల ఖాళీ అయిన ఇంట్లోకి ఒక ముసలావిడ అద్దెకు దిగుతుంది. ఆవిడ ఎవరో లూయిస్‌కు లోలోపల అర్థమవుతూనే ఉంటుంది. చెబితే బాబాయి తనను ఇంట్లోంచి పంపించేస్తాడేమోనన్న భయం వాడికి ఆవిడ భయం కంటే పెద్దది. అమ్మానాన్నలు లేని పిల్లవాడికి ఉన్నది ఆ ఒక్క ఇల్లే కదా.

పెద్దవాళ్ల వైపు చూస్తే, జొనాథన్ కూడా మొదట దాచినవాడే. అర్ధరాత్రి టార్చితో తిరుగుతున్న బాబాయిని చాటునుంచి చూసి, ఈయనకు పిచ్చేమో అని పిల్లవాడు హడలిపోతాడు. భయపడతాడని చెప్పకుండా దాచిన విషయమే వాడిని ఎక్కువ భయపెట్టింది. ప్రేమ ఉన్న ఇంట్లోనే ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటున్నారు, ఆ సందులోకి సెలెన్నా వచ్చి కూర్చుంది. నేను ఈ పుస్తకాన్ని తల్లిగా చదివాను కాబట్టి నాకు ఎక్కువ గుచ్చుకున్నది జొనాథన్ మౌనమే. మా ఇంట్లో ఆసుపత్రి కబుర్లూ, అప్పుల సంగతులూ పిల్లలు నిద్రపోయాక గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. వాళ్లు నిద్రపోయారని మనం అనుకుంటాం, అంతే.

లక్ష్మీపురం అమ్మమ్మ (గుంటూరు)

కొరిటెపాడు అమ్మాయికి ఉపయోగపడుతుందేమోనని నా అనుభవం రాస్తున్నాను. మా మనవడికి పదో ఏడు. వేసవి సెలవుల్లో కరెంటు పోయినప్పుడల్లా మేడ మీద చాప పరుచుకుని, నేను ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులో చదువుకుంటూ వాడికి తెలుగులో చెప్పాను. శ్మశానం ఘట్టానికి వాడు నా చీర కొంగు పట్టుకున్నాడు గాని ఆపమనలేదు. వెంటాడే కారు దీపాల ఘట్టం వచ్చినప్పుడు మాత్రం లేచి కూర్చున్నాడు. రాత్రివేళ వెనుక వస్తున్న కారు ఎంత వేగంగా పోయినా వదలదు, చివరకు ఇనుప వంతెన దాటాక గాని వాళ్లు గండం గట్టెక్కరు. ఇనుముకు దయ్యాలు జంకుతాయని వాళ్లకూ నమ్మకం ఉందన్నమాట. మా అత్తగారు బాలింతరాలి తలగడ కింద ఇనుప ముక్క పెట్టేవారని వాడికి చెబితే, అప్పటినుంచి ఆ కథ వాడికి గుంటూరు కథే అయిపోయింది.

వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే. “వాడు బాబాయితో చెప్పేస్తే అయిపోయేది కదా అమ్మమ్మా, ఎందుకు చెప్పడు?” అన్నాడు. నువ్వయితే చెబుతావా అని నేను అడగలేదు. కాసేపు ఊరుకుని, నీళ్ల సీసా మూత తిప్పుతూ, బడిలో ఒక పిల్లవాడు తన దగ్గర నెలల తరబడి డబ్బులు లాక్కుంటున్నాడని వాడే చెప్పుకొచ్చాడు. మా అమ్మాయికీ అల్లుడికీ అప్పటిదాకా తెలియదు. మరునాడే వాళ్లు వెళ్లి మాట్లాడారు. దయ్యం కథ వల్ల పిల్లవాడికి నిద్ర పట్టలేదా అంటే, రెండు రాత్రులు దీపం వేసి పడుకున్నాడు. ఆ మాట దాచను. మీ అమ్మాయి ఇంకా చిన్నది కాబట్టి ఒక ఏడాది ఆగినా ఫరవాలేదు. ఇచ్చినప్పుడు మాత్రం చేతికిచ్చి వదిలేయకుండా పక్కన కూర్చుని చదవండి.

కృష్ణలంక చిత్రకారుడు (విజయవాడ)

ఇంతవరకు ఎవరూ బొమ్మల ప్రస్తావన తేలేదు. ఈ నవలకు బొమ్మలు వేసినది ఎడ్వర్డ్ గోరీ. సన్నని కలం గీతలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా వేసి చీకటిని కట్టడం ఆయన పద్ధతి. దగ్గరినుంచి చూస్తే ఆ నలుపు అంతా నలుపు కాదు, వేల గీతల మధ్య మిగిలిన తెల్లని కాగితం కూడా అందులో ఉంటుంది. ఆ చీకటి అందుకే కదులుతున్నట్టు ఉంటుంది. ఆయన మనుషుల ముఖాల్లో భావం ఎక్కువ ఉండదు, నిలబడిన తీరులోనే ఉంటుంది. పిల్లల పుస్తకానికి ఇంత మితంగా బొమ్మలు వేసే ధైర్యం ఇప్పటి ప్రచురణల్లో నాకు కనబడడం లేదు. కొనేవాళ్లు ఆయన బొమ్మలున్న ప్రతినే చూసి కొనండి.

2018లో వచ్చిన సినిమాను మాత్రం నవలకు ప్రత్యామ్నాయంగా తీసుకోవద్దు. జాక్ బ్లాక్, కేట్ బ్లాంచెట్ బాగానే నటించారు. కానీ అందులో లూయిస్ సమాధిలోనుంచి లేపేది ఇజార్డ్‌నే, అతని భార్యను కాదు. కథ రంగులతో, హడావిడితో నిండిపోయింది. నవలలో ఉన్న నిశ్శబ్దం, గోడవతల టిక్కుటిక్కుమనే చప్పుడు వినడానికి కావలసిన నిశ్శబ్దం, ఆ సినిమాలో లేదు.

పటమట పాఠకుడు (విజయవాడ)

మాష్టారు గారి వివరణ, అమ్మమ్మ గారి అనుభవం చదివాక ఆ చివరి అధ్యాయాలు మళ్లీ తిరగేశాను. బంతి ఘట్టం మీద నా అసంతృప్తి అలాగే ఉంది. అయితే ముగింపులో పెద్దలిద్దరూ కదలలేని స్థితిలో నేలమాళిగలో నిలబడిపోగా, గడియారాన్ని పగలగొట్టేది లూయిస్ ఒక్కడే అన్నది గమనించాను. బంతి జవాబు చెప్పకపోయినా ఆ పని వాడే చేయవలసి వచ్చేది. తలుపు తెరిచినవాడి చేతే మూయించాడు రచయిత. ఆ కట్టడం గట్టిదే. సంగతి తెలిశాక జొనాథన్ వాడిని వెళ్లగొట్టకపోవడం గురించి రచయిత ఎక్కువ మాటలు ఖర్చుపెట్టలేదు, అది నాకు నచ్చింది.

ఒక సందేహం. టార్బీ సంగతి ఏమిటి? వాడు మళ్లీ లూయిస్ స్నేహితుడు కాడు. పిల్లల పుస్తకంలో ఆ స్నేహాన్ని అలా తెంచి వదిలేయడం కటువుగా లేదా?

బ్రాడీపేట మాష్టారు (గుంటూరు)

కటువుగానే ఉంది, నిజంగా కూడా ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా తరగతి గదిలో ఉన్నవాడిని. ఆటల్లో ముందుండే పిల్లవాడు అవసరానికి పక్కన కూర్చుని, ఆ అవసరం తీరాక లేచిపోవడం ప్రతి ఏడూ చూశాను. మిగిలిన రచయితలు అలాంటి పిల్లవాడి చేత క్షమాపణ చెప్పిస్తారు. బెల్లెయిర్స్ ఆ పని చేయకుండా, చివర్లో రోజ్ రీటా పాటింజర్ అనే అమ్మాయిని తీసుకువస్తాడు. పాతకాలపు ఫిరంగుల పేర్లన్నీ చెప్పగల పిల్ల ఆమె. ఆమెను మెప్పించడానికి లూయిస్ ఎవరినీ సమాధినుంచి లేపవలసిన అవసరం లేదు. పోయిన స్నేహం తిరిగి రాదని, తన పిచ్చిని మెచ్చే మనిషి వేరే చోట దొరుకుతుందని పిల్లలకు ఇంతకంటే సూటిగా ఎలా చెబుతాం?

కొరిటెపాడు తల్లి (గుంటూరు)

అమ్మమ్మ గారి మాట ప్రకారం ఒక ఏడాది ఆగుతాను. ఈలోగా నేను చదువుతాను. దీని తరువాత భాగాలు కూడా ఉన్నాయని విన్నాను. వాటిలో కూడా ఇదే తీరు ఉంటుందా?

గవర్నరుపేట పాఠకురాలు (విజయవాడ)

రెండవది ‘ద ఫిగర్ ఇన్ ద షాడోస్’, 1975లో వచ్చింది. మూడవది ‘ద లెటర్, ద విచ్ అండ్ ద రింగ్’, 1976లో వచ్చింది. బెల్లెయిర్స్ 1991లో చనిపోయాక ఈ కథల వరుసను బ్రాడ్ స్ట్రిక్లండ్ కొనసాగించాడు.

రెండవ నవలలో లూయిస్‌కు 1859 నాటి మూడు సెంట్ల నాణెం ఒకటి తాయెత్తుగా దొరుకుతుంది. బడిలో తనను కొట్టే పిల్లవాడికి ఎదురు నిలబడే బలం దానివల్ల వస్తుందని వాడు నమ్ముతాడు. దాని సంగతి మళ్లీ పెద్దవాళ్ల దగ్గర దాస్తాడు. మొదటి నవలలో అంత అనుభవించాక కూడా మళ్లీ దాచడం చూసి, రచయిత వాడిని ఏమీ నేర్పకుండా వదిలేశాడా అని నాకు కొంచెం కోపం వచ్చింది. దీని మీద మాష్టారు గారు, అమ్మమ్మ గారు ఏమంటారో వినాలని ఉంది.

లక్ష్మీపురం అమ్మమ్మ (గుంటూరు)

ఆ కోపం అక్కరలేదమ్మా. ఒకసారి చెప్పి గట్టెక్కిన పిల్లవాడు రెండోసారి కూడా తనంతట తానే వచ్చి చెబుతాడని ఏముంది? డబ్బుల సంగతి బయటపెట్టిన మా మనవడే, మొన్న లెక్కల పరీక్ష మార్కుల కాగితాన్ని పరుపు కింద పెట్టాడు. రెండో పుస్తకం దసరా సెలవుల్లో మొదలుపెడతాం. మీలో ఎవరి దగ్గరైనా ప్రతి ఉంటే చెప్పండి, గుంటూరులో మాకు దొరకలేదు.